బీరువాలో పరిశోధన

మన కళాశాల అధ్యాపకునికి తన శాస్త్రంలో జరిగిన పరిశోధన తెలుసు; దాన్ని బోధించే తీరుపై జరిగిన పరిశోధన ఎక్కడున్నదో తెలియదు. 1974లో బరోడా నుండి ఎం.బి. బుచ్ సంపాదకత్వాన వెలువడిన విద్యా పరిశోధనల సర్వే ఈ లోటును కొంత తీర్చింది. చెల్లాచెదురుగా పడివున్న సిద్ధాంత వ్యాసాల సారాన్ని ఒకచోట చేర్చడం సామాన్యమైన శ్రమ కాదు. అయినా అది పరిశోధకుల కోసం ఇంగ్లీషులో కూర్చిన గ్రంథం. రేపటి పాఠంలో ఏమి మార్చాలని అడిగేవారికి దానిలో దారి దొరకదు.

కుకునూరుపల్లి వంటి ఊళ్ళ నుండి తెలుగులోనో ఉర్దూలోనో చదివి వచ్చిన విద్యార్థి ఇంగ్లీషు ఉపన్యాసం ముందు మూగబోతే, తప్పు అతనిదేనని సరిపెట్టుకుంటున్నాం. రిఫ్రెషర్ కోర్సుల సర్టిఫికెట్లు పదోన్నతికి అక్కరకొచ్చినంతగా ఇతనికి అక్కరకు రావడం లేదు.

1917లో హైదరాబాదులో నెలకొన్న దారుత్తర్జుమా ఉస్మానియాకు ఉర్దూ పాఠ్యగ్రంథాలు సమకూర్చింది. బోధనా పరిశోధనకూ అంతటి పూనిక కావాలి. ఒక్కొక్క పరిశోధనకు రెండు పుటల సారాంశం చాలు; ఎలాంటి విద్యార్థులపై, ఎంతకాలం జరిగిందో మాత్రం అందులో తప్పక ఉండాలి.