పుట్టీ లేని పద్మిని

ఈ కారులో మెచ్చుకోవలసిన పనంతా కింద ఉంది. గచ్చు మీద గోనెపట్టా పరుచుకుని, వెల్లకిలా పడుకుని, టార్చి వేసి చూస్తే తప్ప కనపడదు. నిలబడి చూసేవాళ్ళకు కనిపించేది ఒక పాత ప్రీమియర్ పద్మిని. ముందు నాలుగు పసుపు దీపాలు, బానెట్ మీద ఎండ కళ్ళలో కొట్టకుండా నల్లటి మ్యాట్ రంగు, చక్రాల వెనక రబ్బరు రెక్కలు. "భలే రాలీ కారు" అని ఫోటో తీసుకుని వెళ్ళిపోతారు. ఆ దీపాలూ ఆ రంగూ డబ్బు పెడితే వారంలో వచ్చేవే. విజయవాడ ఆటోనగర్‌లో, లారీ బాడీలు కట్టే షెడ్ల మధ్య ఇరుక్కున్న ఓ చిన్న రేకుల షెడ్డులో నెలల తరబడి సాగిన పని వేరు.

కారు ఎనభైల నాటిది. ఒక ఇంటి పెరట్లో చింతచెట్టు కింద ఏళ్ళ తరబడి పడి ఉంది. టైర్లు నేలకు అంటుకుపోయాయి, బూట్‌లో ఎలుకలు కాపురం పెట్టాయి. చింతాకు రాలి, వానకు నాని, అద్దం కింద గాడిలో ఎరువులా పేరుకుంది. ఇనుముకు అంతకంటే శత్రువు లేదు. తడి ఆరనివ్వదు కదా. కొన్నాయన ఇంజనీరు, ముప్పై దాటిన కుర్రాడు. పైకి చూసి, తలుపులు సరిగా పడుతున్నాయని సంబరపడి బేరం కుదుర్చుకున్నాడు. షెడ్డుకు తెచ్చాక టింకర్ మేస్త్రి చేసిన మొదటి పని జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి కారు చుట్టూ పట్టుకు తిరగడం. అయస్కాంతం అంటుకుంటే రేకు, జారిపోతే పుట్టీ. ఎడమ వైపు వెనక చక్రం మీద నుంచి తలుపు అంచు దాకా జారుతూనే వచ్చింది. చెక్కి చూస్తే కొన్నిచోట్ల బొటనవేలి మందాన పుట్టీ ఉంది. దాని కింద రేకే లేదు.

పద్మినికి రాలీ వేషమేమిటి అని నవ్వేవాళ్ళున్నారు. వాళ్ళకు చరిత్ర తెలియదనుకోవాలి. ఈ బండి మూలం 1953లో ఇటలీలో వచ్చిన ఫియట్ 1100. వాల్‌చంద్ హీరాచంద్ 1944లో స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ దాన్ని బొంబాయి కుర్లాలో తయారుచేసింది. 1974 నుంచి దానికి పద్మిని అనే పేరు. మన తరం దాన్ని టాక్సీగానే గుర్తుపెట్టుకుంది. ముంబయి రోడ్ల మీద చివరి పద్మిని టాక్సీ ఆగిపోయింది 2023 అక్టోబరులో. కానీ మద్రాసు దగ్గర షోలవరం ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు జరిగిన రోజుల్లో వరసలో నిలబడ్డవాటిలో ఈ ఫియట్లు తప్పకుండా ఉండేవి. ఇక రాలీ అనేది మొదటి నుంచీ మామూలు కార్ల ఆటే. 1968లో లండన్ నుంచి సిడ్నీకి జరిగిన మారథాన్ కాబూల్, లాహోరు, ఢిల్లీ మీదుగా బొంబాయి దాకా నేల మీద నడిచి అక్కడ ఓడెక్కింది. దాన్ని గెలిచిన ఆండ్రూ కోవన్ నడిపింది హిల్‌మన్ హంటర్, గుమాస్తాలు ఆఫీసుకు వేసుకెళ్ళే రకం బండి. 1965లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ గెలిచిన కెన్యా సర్దార్జీ జోగీందర్ సింగ్, తమ్ముడు జస్వంత్‌తో కలిసి నడిపింది కంపెనీ టీమ్ వాడి వదిలేసిన సెకండ్ హ్యాండ్ వోల్వో. ఆయన మెకానిక్ పని నుంచి వచ్చినవాడు. గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందన్నది అలాంటి చోట రెండో ప్రశ్న. గోతులు, రాళ్ళు, వాగులు దాటి మర్నాటికి కారు ముక్కలు కాకుండా ఉంటుందా అన్నది మొదటిది.

ఆ మొదటి ప్రశ్నకు జవాబు చెప్పేది ఇంజన్ కాదు, బాడీ. పద్మినికి లారీకి ఉన్నట్టు విడిగా చాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా సాగే పెట్టెలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి ఒకే ఎముకలగూడు. ఆ పెట్టెలు తుప్పు తింటే కారు మధ్యలో కుంగుతుంది. ఇక్కడ చాలామంది చేసే తప్పు నేరుగా తుప్పు కోసేసి కొత్త రేకు అతికించడం. కోసిన క్షణంలోనే కారు కాస్త కుంగుతుంది, ఆ కుంగిన రూపానికే కొత్త రేకు బిగుసుకుంటుంది, ఆ తర్వాత జన్మలో తలుపు సరిగా పడదు. మేస్త్రి కత్తెర పట్టకముందు కారును నాలుగు చోట్ల స్టాండ్ల మీద నిలబెట్టాడు. తాపీ పనివాళ్ళు వాడే నీళ్ళ గొట్టం తెప్పించి నాలుగు మూలలూ ఒక మట్టానికి తెచ్చాడు. తూకం గుండు వేలాడదీసి కొన్ని బిందువులు గచ్చు మీద సుద్దతో గుర్తుపెట్టి, ఐమూలగా దారం లాగి కొలిచాడు. తలుపుల ఖాళీల్లో అడ్డంగా ఇనుప పైపులు తాత్కాలికంగా అతికించాడు. ఒక పక్క పూర్తిగా అతికి, దారం మళ్ళీ లాగి చూసుకున్నాకే రెండో పక్క కోశాడు. కంప్యూటర్ జిగ్గులు ఉన్న వర్క్‌షాపులు చూశాను. ఇంత ఓపికగా కొలవడం మాత్రం చూడలేదు.

కొత్త పెట్టెలకు 18 గేజి రేకు, అంటే 1.2 మిల్లీమీటర్ల మందం. అది నున్నగా ఉండే సీఆర్ రేకు. ఇంతకంటే మందం వేస్తే ఇంకా గట్టి కదా అని యజమాని అడిగితే, "మందం పెంచితే పక్కనున్న పల్చటి రేకు చిరుగుతుంది బాబూ, బరువు పెరుగుతుంది, బలం పెరగదు" అన్నాడు. వెనక కమాను పట్టీల ముందు కన్ను బిగిసే చోట మాత్రం 16 గేజి వేశాడు. ఆ చోటు చూడండి, ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. బోల్టు ఒక బోలు పెట్టెలోంచి ఇటు నుంచి అటు దూరి వెళుతుంది. బిగించే కొద్దీ పెట్టె నొక్కుకుపోయే ప్రమాదం ఉంది, గతుకుల రోడ్డు మీద బోల్టు వదులైపోతుంది. అందుకని పెట్టె లోపల సరిగ్గా ఆ వెడల్పుకు తెగ్గొట్టిన గొట్టం ఒకటి పెట్టి, రెండు వైపులా వెల్డ్ చేసి, దాంట్లోంచి బోల్టు పంపాడు. ఇప్పుడు బిగింపు బరువంతా గొట్టం మీద పడుతుంది. పెట్టె మూసేశాక ఆ గొట్టం ఉందని చేసినవాడికీ, చేయించుకున్నవాడికీ, ఇప్పుడు మీకూ తప్ప తెలియదు.

రోడ్డు కార్లలో రేకులను స్పాట్ వెల్డ్ చుక్కలతో కలుపుతారు. రాలీ బాడీలు కట్టేవాళ్ళు ఆ అతుకుల వెంట అంగుళం వెల్డ్, అంగుళం ఖాళీ, మళ్ళీ అంగుళం వెల్డ్ అని కుట్టుకుంటూ పోతారు. ఖాళీ ఎందుకంటే, మొత్తం ఏకధాటిగా కాలిస్తే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. మేస్త్రి దీన్ని సీఓటూ వెల్డింగ్‌తో చేశాడు. అదీ వరసగా కాదు. ఇక్కడొకటి, అక్కడ కారు రెండో చివర ఇంకొకటి, మొదటిది చల్లారాక దాని పక్కది. ఇంజన్ గది పక్కగోడల్లో ఈ కుట్లు చూస్తుంటే అమ్మమ్మ బొంతకు వేసిన టాకాలు గుర్తొచ్చాయి, అన్నీ ఒకే పొడవు. బయట కనిపించే రేకుల దగ్గర మాత్రం ఆయన పాత గ్యాస్ మంటకే వెళ్ళాడు. సన్నటి అతుకులకు ఇత్తడి కడ్డీ, వెలిగారం.

బూట్ మూత, పైకప్పు ఉబ్బి ఉన్నాయి. రేకు ఒకసారి సాగితే సుత్తితో కొట్టే కొద్దీ ఇంకా సాగుతుంది. దాన్ని ముడుచుకునేలా చేయాలి. ఉబ్బు నడినెత్తిన రూపాయి బిళ్ళంత మేర ఎర్రగా కాల్చి, వెనక డాలీ ఆనించి చుట్టూ నుంచి మధ్యకు రెండు మూడు దెబ్బలు వేసి, వెంటనే తడిగుడ్డ అద్దుతాడు. చుయ్‌మంటుంది. ఉబ్బు కాస్త తగ్గుతుంది. మళ్ళీ పక్కన. ఎక్కడ ఆపాలో కంటితో చూడడు, అరచేతి కింద పల్చటి గుడ్డ పెట్టుకుని నిమిరి చూస్తాడు. గుడ్డ ఉంటే చెయ్యి చెమటకు అంటుకోకుండా జారి, ఎత్తుపల్లాలు ఇంకా బాగా తెలుస్తాయి. చివరగా వెడల్పాటి ఆకురాయి. అది తగిలిన చోట మెరుస్తుంది, తగలని పల్లం నల్లగా ఉండిపోతుంది. ఆ పల్లాన్ని వెనక నుంచి ఒక్క దెబ్బతో పైకి తేవాలి, రెండు పడితే మళ్ళీ ఉబ్బు. ఇంత చేశాక పెయింటర్‌కు మిగిలింది ప్రైమర్, రంగు. పుట్టీ అసలు లేదని మాత్రం అనను. బూట్ మూత కుడి అంచున గోరంత మేర ఉంది. అయస్కాంతం అక్కడ కూడా అంటుకుంటుంది.

కమానుల దగ్గర యజమానికీ, పట్టీలు వంచే మేస్త్రికీ పేచీ వచ్చింది. కారు ఎత్తుగా నిలబడాలి కాబట్టి ఇంకో పట్టీ వేయమన్నాడు ఈయన. లారీలకు రోజూ అదే పని చేసే ఆ పెద్దాయన ఒప్పుకోలేదు. గట్టిబడితే గతుకులో చక్రం నేలను వదిలేస్తుంది, నేల మీద లేని చక్రం తోయదు, ఆపదు. ఉన్న పట్టీలనే విడదీసి, ఒక్కొక్కదాన్ని చల్లగానే సుత్తితో వంపు తిప్పాడు. పొట్టి పట్టీకి పొడుగు పట్టీ కంటే కాస్త ఎక్కువ వంపు. మధ్య బోల్టు బిగించగానే చివర్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని పట్టుకుంటాయి. మధ్యలో గ్రాఫైట్ గ్రీజు. వెనక భాగం రెండంగుళాలు లేచింది, మెత్తదనం పోలేదు.

స్టీరింగ్ పెట్టె కూడా అలాంటి నిగ్రహంతోనే బాగుపడింది. ఈ పెట్టెలు కారు నేరుగా నడిచే స్థానంలోనే ఎక్కువ అరుగుతాయి. అరిగి వచ్చిన ఆటను పూర్తిగా చంపాలని స్క్రూ బిగిస్తే, పూర్తి మలుపులో పట్టేస్తుంది. అందుకని బాల్ జాయింట్లన్నీ కొత్తవి వేసి, పెట్టెలో కాస్త ఆట ఉంచేశారు. ఇంజన్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. 1089 సీసీ, బోరు 68, స్ట్రోకు 75 మిల్లీమీటర్లు, ఇనుప బ్లాకు మీద అల్యూమినియం హెడ్. రీబోర్ చేసి, హెడ్ చదును చేయించి, మామూలుగానే కట్టారు. ఒకటే తేడా. మలుపుల్లో నూనె ఒక పక్కకు పారి పంపు గాలి పీల్చకుండా సంపులో అడ్డరేకులు వేశారు. దాని కింద అయిదు మిల్లీమీటర్ల అల్యూమినియం పలక. బోల్టు తలలు పలకలోకి దిగి ఉంటాయి, రాయి తగిలి తెగకుండా. నూనె దించే కన్నానికి ఎదురుగా పలకలోనూ కన్నం ఉంది. పెట్రోలు, బ్రేకు గొట్టాలు కింద నుంచి తీసేసి, మధ్యలో అతుకులు లేకుండా కారు లోపలి నుంచి నడిపారు, రేకు దాటే ప్రతిచోటా రబ్బరు వాషరుతో.

ఆ నాలుగు పసుపు దీపాలకు కూడా నేను అనుకున్నంత వేషం లేదని తర్వాత తెలిసింది. ఒక్కోటి 55 వాట్లు. నాలుగూ కలిపి 12 వోల్టుల మీద పద్దెనిమిది ఆంపియర్లు లాగుతాయి, అసలు హెడ్‌లైట్లకు ఇంకో తొమ్మిది. పాత డైనమో దానికి చాలదు, ఆల్టర్నేటర్ వేశారు. డాష్‌బోర్డు స్విచ్చి మీదుగా పోయేది రిలేను లేపే చిన్న కరెంటే. ప్రతి తీగకూ రెండు చివరలా నంబరు ఉంది. బకెట్ సీట్లు మాత్రం నాకు నచ్చలేదు. కొత్త ఎర్ర కుట్టుతో, షోరూములోంచి తప్పిపోయి వచ్చినట్టున్నాయి.

రోల్ కేజ్, అంటే కారు లోపల కట్టే ఉక్కు గొట్టాల గూడు, లేదు. అది చూసి పెదవి విరిచేవాళ్ళుంటారు. రాలీ నిబంధనల్లో ప్రధాన హూప్ 45 మిల్లీమీటర్ల సీమ్‌లెస్ ఉక్కు గొట్టం, 2.5 మందం, ప్రతి కాలి కింద 120 చదరపు సెంటీమీటర్ల పలక అని లెక్కలుంటాయి. హెల్మెట్ పెట్టుకుని, సీటుకు కట్టేసుకుని కూర్చునేవాళ్ళ కోసం అవి. పిల్లల్ని ఎక్కించుకుని బజారుకు పోయే కారులో, బోల్తా పడనక్కర్లేదు, గట్టిగా బ్రేకు వేసినా తల పోయి ఆ గొట్టానికే తగులుతుంది. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం కుదరదు, 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగా చెప్పింది. యాభై ఏళ్ళు నిండాక వింటేజ్ నంబరు తీసుకోవాలన్నా బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉండాలి. యజమాని అందుకే ఇంజన్ మార్చలేదు, బాడీ ఆకారం ముట్టుకోలేదు. కేజ్ కాళ్ళు దిగాల్సిన చోట్ల మాత్రం నేల కింద పలకలు వేయించి ఉంచాడు, ఎప్పుడైనా నిజంగా రాలీకి పంపితే పనికొస్తాయని.

బ్రేకులు నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. ఈ చలికాలం అరకు ఘాట్ ఎక్కించాలని ఆయన ఆత్రం. ఎక్కేటప్పుడు ఏం కాదు, దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు ఉంచొద్దని, రెండో గేరులో దిగమని మెకానిక్ రెండుసార్లు చెప్పాడు. అంతకంటే ముందు ఇంకో షరతు ఉంది. ఇనుము మీద అల్యూమినియం హెడ్ కొన్నిసార్లు వేడెక్కి చల్లారాక బోల్టులు కాస్త వదులవుతాయి. అయిదు వందల కిలోమీటర్లు తిరిగాక బండి షెడ్డుకు తేవాలి, చల్లగా ఉన్నప్పుడు, తెల్లారగానే. అప్పటిదాకా వేగం యాభై దాటొద్దన్నాడు. కిలోమీటర్ మీటరు ప్రస్తుతం నూట నలభై దగ్గరుంది.