లెక్క మరచిన దయ: టాల్‌స్టాయ్ ‘మార్టిన్’ కథ – ఒక వేదాంత పరిశీలన

ఉపోద్ఘాతం

క్రిస్మస్ ప్రసంగాల్లో ఉదాహరణగా వాడబడే కథల్లో చెప్పులు కుట్టే మార్టిన్ కథ ఒకటి. రష్యా రచయిత లియో టాల్‌స్టాయ్ 1885లో ‘ప్రేమ ఉన్నచోట దేవుడున్నాడు’ అనే అర్థం గల పేరుతో దీనిని ప్రచురించాడు. దీనికి మూలం ఫ్రాన్సు దేశపు బాప్టిస్టు పాస్టరు రూబెన్ సయాన్స్ రాసిన క్రిస్మస్ కథ. టాల్‌స్టాయ్ అందులోని పండుగను తీసివేశాడు. ప్రసంగికులు తిరిగి తెచ్చారు. అయితే, “బీదలకు ఇవ్వండి, క్రీస్తు దర్శనమూ సంతోషమూ పొందండి” అని ముగించినప్పుడు బీదవాడు మన ఆశీర్వాదానికి సాధనమైపోతాడు. కథ చెప్పేది ఇదేనా?

కథాంశం

భార్యను, ఆపైన మిగిలిన ఒక్క కుమారుని పోగొట్టుకొని చావు కోరుకున్న మార్టిన్, ఒక యాత్రికుని మాటపై సువార్తలు చదవసాగాడు. ఒక రాత్రి లూకా 7వ అధ్యాయంలో, యేసు పాదములకు నీళ్లియ్యని పరిసయ్యుడైన సీమోనులో తన్ను తాను చూసుకున్నాడు. రేపు వస్తానని ఒక స్వరం వినబడింది. మరునాడు అతడు కిటికీ దగ్గర ఎదురుచూస్తుండగా కనబడినవారు వేరు: మంచు ఊడ్చి అలసిన ముసలివాడు, చంటిబిడ్డతో వణుకుతున్న సిపాయి భార్య, ఆపిల్ పండ్లమ్మే ముసలమ్మ, ఆమె పండు దొంగిలించిన కుర్రవాడు. అతడు ఒకరికి టీ ఇచ్చాడు, ఒకరికి భోజనమూ పాత కోటూ ఇచ్చాడు, చివరి ఇద్దరినీ సమాధానపరచాడు. రాత్రి మత్తయి 25 చదివి, ప్రభువు వచ్చి వెళ్లాడని గ్రహించాడు.

విమర్శ

మొదటిది, క్రమం. మార్టిన్ దయ చూపి ఓదార్పు సంపాదించుకోలేదు. వాక్యం అతన్ని ముందుగా ఓదార్చింది. టాల్‌స్టాయ్ క్రీస్తు దైవత్వాన్ని అంగీకరించలేదు. 1901లో రష్యా ఆర్థడాక్స్ సంఘం అతన్ని వెలివేసింది. అయినను ఈ కథలో కృప ముందు, క్రియ తరువాత.

రెండవది, ఎరుగనితనం. మత్తయి 25:37-39లో నీతిమంతులు తాము ఆయనను ఎప్పుడు చూశామని ఆశ్చర్యపడతారు. వారు లెక్క వ్రాసుకోలేదు. మార్టిన్ కూడా వచ్చినవారిని ప్రభువని తలచి ఆదరించలేదు. టీ ఇస్తూ కూడా అతడు కిటికీ వైపే చూశాడు. సిపాయి భార్యకు కోటు ఇచ్చింది ఆమె చలికే. కుర్రవానితో సమాధానపడిన ముసలమ్మ ఆ పండు వెల అడగడం మరచిపోయిందన్న చిన్న వివరం కథకు తాళపుచెవి. సంతోషం దయకు ఇచ్చే కూలి కాదు, లెక్క మరచినచోట పుట్టేది.

మూడవది, లోపం. సిపాయి భార్య శాలువా ఎందుకు తాకట్టులో పడిందో కథ లోతుగా అడగదు. దయ ఆ గది గడప దాటదు.

తెలుగు సంఘ అనుభవం

1876-78 కరవులో ఒంగోలు మిషనరీ జె.ఇ. క్లౌ బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగం తవ్వకాన్ని కాంట్రాక్టు తీసుకొని ఆకలిగొన్నవారికి పని కల్పించాడు. అంటే ఆయన దయ గడప దాటింది. అనేకులు బాప్తిస్మం కోరినా, సహాయ కార్యక్రమం సాగినంతకాలం ఇవ్వలేదు. అన్నానికీ బాప్తిస్మానికీ ముడి పడకూడదన్నదే కారణం. తరువాత 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఒంగోలు విశ్వాసుల్లో అధికులు మార్టిన్‌లాగే తోలుపని ఎరిగిన మాదిగ సోదరులు. మన సంఘం అనేకచోట్ల దయ పొందినవారి సంఘమే గనుక, పుచ్చుకొనేవాని గౌరవం మనకు ఇతరులు నేర్పవలసిన పాఠం కాదు.

ముగింపు

క్రిస్మస్ దుప్పట్ల పంపిణీలో బ్యానరు, ఫొటో, ముందుగా వినవలసిన ప్రసంగం ఉంటే, అది మత్తయి 6:3కు ఎంత దూరమో కాపరులు ఆలోచించాలి. తిరిగి ఇవ్వలేనివారిని పిలిచినవాడు ధన్యుడని లూకా 14:14 బోధిస్తుంది. ఫొటో లేకుండా ఒక దుప్పటి ఇచ్చి, కప్పుకొనే వ్యక్తి పేరు అడిగి, కాసేపు కూర్చొని వద్దాం. సంతోషం సంగతి ప్రభువు చూసుకొంటాడు.