సొమ్ము ఎవరిది, గొంతు ఎవరిది?

కమ్యూనిటీ రేడియోల మనుగడను గురించి మన దేశంలో జరిగే చర్చ తరచు ప్రకటనల దగ్గరికే వచ్చి ఆగుతుంది. 2024 నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకు 7 నిమిషాలున్న ప్రకటనల వ్యవధిని 12 నిమిషాలకు పెంచాయి. దీంతో చిక్కు తీరుతుందనే వారితో నేను ఏకీభవించలేను. గాలి భోంచేసి ఏ రేడియో కేంద్రమూ బతకదు, నిజమే. కాని ఆ డబ్బు ఎవరు, ఎందుకు ఇస్తున్నారన్నదే అసలు ప్రశ్న.

బొలీవియా తగరపు గనుల కార్మికులు ఈ ప్రశ్నకు 1940ల చివరినుంచే ఆచరణలో జవాబు చెప్పారు. తమ సంఘాల తరఫున రేడియోలు పెట్టుకొని, కూలిలోంచి చందా తీసి నడుపుకొన్నారు. తర్వాతి దశాబ్దాలలో అవి 20కి పైబడ్డాయి. సమ్మె పిలుపూ, ఫుట్‌బాల్ పందెం కబురూ ఒకే గొంతున వినిపించేవి. 1967 జూన్ 24న సైన్యం సిగ్లో వెయింతే గనిమీద పడి కార్మికులను కాల్చి చంపినపుడు వారి రేడియోనూ ఆక్రమించింది. 1980 జూలైలో సైనిక కుట్ర జరిగినపుడు ఈ కేంద్రాలు గొలుసుకట్టుగా ప్రతిఘటన వార్తలు చెప్పాయి. వ్యాపారుల ప్రకటనలే ఆధారమైన కేంద్రం అంత సాహసించగలదా?

అయితే ఇక్కడితో ఆగితే అది స్తోత్రమవుతుంది గాని విమర్శ కాదు. 1985లో తగరం ధర కుప్పకూలింది. ఆ ఏడే ప్రభుత్వం తెచ్చిన కొత్త ఆర్థిక విధానం ప్రభుత్వ గనులను మూయించసాగింది. 20 వేలమందికి పైగా కార్మికులు వీధిన పడ్డారు. కూలితో చందా పోయింది. చందాతో గొంతు పోయింది. అదే సిగ్లో వెయింతేలో 1959లో క్రైస్తవ గురువులు కమ్యూనిజానికి ఎదురుగా స్థాపించి, పిమ్మట కార్మికుల పక్షం చేరిన పియో దోసే రేడియో మాత్రం నిలిచింది. దానికి కార్మికుల చందా ఒక్కటే ఆసరా కాదు. చేదయినా ఈ నిజాన్ని మనం మింగక తప్పదు.

జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో దళిత స్త్రీల సంఘం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారాలు మొదలుపెట్టింది. వారికి సొంత గొంతు దక్కింది. కాని సొంతంగా వార్తలు చెప్పే అనుమతి మన కమ్యూనిటీ రేడియోలకు ఈనాటికీ లేదు. తన బతుకులోని పోరాటం వినిపించని రేడియోకు ఏ పేదవాడు చందా ఇస్తాడు? గాలితరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ప్రజాధనంలోంచి షరతులు లేని సాయం అడగడం బిచ్చం కాదు, హక్కు. దానితోపాటు వార్తలు చెప్పే హక్కూ కావాలి, శ్రోతకు పనీ కావాలి. పొయ్యిలో పిల్లి లేవని ఇంట్లో రేడియో ఎంతకాలం పలుకుతుంది?