ఛాంబర్ దించితే చాలదు, చూడాలి

పాత అంబాసిడర్ ఆగిన చోట నూనె మరక కనిపిస్తే "ముసలి బండి, కారక ఏం చేస్తుంది" అని సరిపెట్టుకునేవాళ్లే ఎక్కువ. నేను ఒప్పుకోను. ఆ కారుడుకు చాలాసార్లు కారణం ఇంజిన్ అడుగునుండే ఆయిల్ ఛాంబర్ ప్యాకింగే. అది మార్చుకోగలిగిందే.

కాచిగూడ చౌరస్తా వెనక గల్లీలో ఒక ఉస్తాద్ ఈ పని చేస్తుంటే రింగు పానాలు అందిస్తూ కూర్చోవడం నాకిష్టం. ముందు ఇంజిన్‌ను కాస్త వేడి చేసి ఆయిల్ దింపేస్తాడు. వేడి నూనెతో పాటు మురికీ జారిపోతుంది. జాకీని నమ్మడు. బండిని స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు చెక్కలు పెట్టాకే కిందికి దూరతాడు. బోల్టులన్నీ తీసినా ఎదురెదురుగా రెండు మాత్రం చివరిదాకా ఉంచుతాడు, లేకపోతే ఛాంబర్ మిగిలిన నూనెతో సహా మీద పడుతుంది. అతుక్కుపోతే చెక్క సుత్తితో పక్కల తడతాడు. స్క్రూడ్రైవర్ దూర్చి లేపితే రేకు అంచు వంగుతుంది. వంగిన అంచు మీద ఎంత మంచి ప్యాకింగ్ వేసినా కారుతుంది.

ఛాంబర్ దిగాకే అసలు పని. అడుగున పేరుకున్న మడ్డిని వేలితో తీసి వెలుతురులో పరీక్షగా చూస్తాడు. అయస్కాంతానికి అంటుకునే పొడి ఇనుముది. అంటుకోకుండా మెరిసే పొడి ఉంటే బేరింగ్ షెల్స్ అరుగుతున్నాయేమో చూడాలి. రాగి రంగు కనబడితే వెంటనే షెల్స్ విప్పుతాడు. ఇంజిన్ కొట్టుకోవడం మొదలయ్యేలోపే జబ్బు ఇక్కడ దొరుకుతుంది. ఉత్తరపారాలో అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది కాబట్టి, క్రాంక్ పాడయ్యేదాకా ఆగడమంటే బండిని వదులుకోవడమే.

తర్వాత ఆయిల్ పీల్చే జల్లెడను కిరోసిన్‌లో కడుగుతాడు. పాత కార్క్ ప్యాకింగ్ ముక్కలు మిగలకుండా రెండు అంచులూ గీకుతాడు. బోల్టు రంధ్రాల చుట్టూ ఉబ్బిన రేకును చెక్క మీద పెట్టి సమం చేస్తాడు. కొత్త ప్యాకింగ్ వేశాక "ఒక్కదిక్కే బిగించొద్దు సార్, అటొకటి ఇటొకటి" అంటూ కొంచెం కొంచెంగా బిగిస్తాడు. ఎక్కువ బిగిస్తే కార్క్ నలిగి బయటికొస్తుంది.

దింపిన నూనె డబ్బాలో పట్టి, రీసైక్లింగ్‌కు తీసుకునేవాళ్లకే ఇవ్వాలి. ఇక్కడి మోరీలో పోస్తే చివరికి మూసీలోనే కలుస్తుంది.

ఛాంబర్ దింపమన్నప్పుడు మెకానిక్‌ని సాయంత్రానికల్లా ఇచ్చేయమని తొందరపెట్టకండి. ఆ మడ్డిని మీకూ చూపించమని అడగండి. ఆయన బిగించినందుకే కాదు, చూసినందుకూ కూలి ఇవ్వండి. పాత బండ్లు రోడ్డు మీద మిగిలేది ఆ చూపు ఉన్నవాళ్ల వల్లే.