బయలుదేరినవారు ఆరుగురు, వ్రాసినవారు మువ్వురు

యాత్రాగ్రంథమునకు పరీక్షలు రెండు. యాత్రికుడు తాను చూచినదానిని మనకు చూపగలిగినాడా యనునది మొదటిది. తనతో నడచినవారిని మనకు పరిచయము చేయగలిగినాడా యనునది రెండవది. మొదటి పరీక్షలో నెగ్గిన గ్రంథములు అన్ని భాషలయందును పెక్కు కలవు. రెండవదానిలో నెగ్గినవి మిక్కిలి తక్కువ. కొండను వర్ణించుట సులభము. వర్ణించువానికై అది కదలక నిలిచియుండును. తోడివాడట్లు నిలువడు. ఉదయమున ఒక తీరు, సాయంకాలమున మరియొక తీరు. నీరు దొరకిన నాటి మిత్రుడు నీరు దొరకని నాడును మిత్రుడుగానే యుండునో లేదో ముందుగా చెప్పగలవాడు లేడు. 1931లో వెలువడిన ‘విత్ సైక్లిస్ట్స్ అరౌండ్ ది వరల్డ్’ అను ఆంగ్లగ్రంథమును ఈ రెండవ పరీక్షకు నిలిపి చూచుటయే ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

గ్రంథకర్తలు ఆది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భూంగరా అను మువ్వురు బొంబాయి పార్సీలు. బొంబాయి వెయిట్‌లిఫ్టింగ్ క్లబ్బులో వ్యాయామము చేసి దేహదార్ఢ్యము సంపాదించిన యువకులు. 1920లో ఆ నగరపు ఓవల్ మైదానమున ఒక ఫ్రెంచి పథికుడు ఉపన్యసించెను. ఐరోపానుండి మన దేశమునకు కాలినడకను వచ్చినవాడాతడు. ఆ మాటలు వీరి మనస్సులలో విత్తనములై పడి మూడేండ్లకు మొలకెత్తినవి. 1923 అక్టోబరు 15వ తేదీన ఆ క్లబ్బు సభ్యులు ఆరుగురు సైకిళ్లపై బయలుదేరిరి. పంజాబు, బెలూచిస్తానము, పారశీకము, ఇరాకు, సిరియా. పిమ్మట ఐరోపా, అమెరికా, జపాను, కొరియా, చైనా, ఆగ్నేయాసియా. తుదకు 1928 మార్చి 18వ తేదీన మరల బొంబాయి. త్రొక్కిన దూరము 44,000 మైళ్లు, అనగా సుమారు 71,000 కిలోమీటర్లు. గ్రంథమునకు పీఠిక వ్రాసినవాడు జవాహరులాల్ నెహ్రూ. చెరసాలకును బయటి లోకమునకును నడుమ తిరుగుచుండిన ఆ దినములలో, ఎల్లలు దాటి వచ్చిన యువకుల కథ ఆయన కెట్లు తోచియుండునో ఊహింపదగినదే. 2008లో ఈ గ్రంథము పునర్ముద్రణమొందినది.

తెలుగువారి సంచికలో పార్సీల గ్రంథమునకు చోటేల యని కొందరు అడుగవచ్చును. ఈ నగరము మనది కూడ. కామాటిపురమను పేరు తెలుగునేలనుండి వచ్చి ఇచట కట్టడపు పనులు చేసిన కామాటీల వలన కలిగినది. సోలాపురపు మగ్గములు, భీవండి మరమగ్గములు మన పద్మశాలీల చేతులు లేక ఆడినవి కావు. పార్సీలును మనవలెనే వచ్చి స్థిరపడినవారు. వారి పూర్వులు సంజాన్ రేవున దిగినపుడు, పాలలో చక్కెరవలె కలసియుందుమని అచటి రాజునకు మాట యిచ్చిరని వారి యైతిహ్యము. ఆ కథ మనకు క్రొత్తది కాదు. చక్కెర కరగుట తప్పదు. తీపి మిగులునా యనునదే ప్రతి వలసకుటుంబమును లోలోపల బాధించు ప్రశ్న.

ఈ యాత్రలో ఆ ప్రశ్నకు ప్రత్యేకస్థానము కలదు. వీరి త్రోవ పారశీకముమీదుగా పోయినది. వేయి యేండ్లకు పైబడిన కాలమునకు పూర్వము తమవారు విడిచిపోయిన నేలపై వీరు చక్రము త్రొక్కిరి. గుజరాతీ మాతృభాషగా, బొంబాయి జన్మస్థానముగా గల యువకునికి అది స్వదేశమా, పరదేశమా? సోలాపురమున పుట్టి, అచటి బడిలో మరాఠీ చదివి, సెలవులలో కరీంనగరపు జిల్లాలోని తాతగారి యూరు చూడబోవు మన పిల్లవాని కిట్టి సందేహమే కలుగును. అచట బంధువులు ‘బొంబాయి పిల్లవాడు వచ్చినాడు’ అందురు. ఇచట ఇరుగుపొరుగువారు ‘తెలుగువాడు ఊరికి పోయినాడు’ అందురు. కావుననే పారశీక ఘట్టమును మనము ఇతర పాఠకులకంటె ఎక్కువ ఆసక్తితో చదువుదుము.

ఆనాటి ఎల్లలు నేటి ఎల్లలు కావని పాఠకుడు గుర్తుంచుకొనవలెను. 1923లో పంజాబు, బెలూచిస్తానములు హిందూదేశ సామ్రాజ్యములోనివే. పారశీకపు పొలిమేర చేరువరకు వీరు పరదేశమున అడుగు పెట్టినవారు కారు. ఇరాకు ఆంగ్లేయుల సంరక్షణలో, సిరియా ఫ్రెంచివారి సంరక్షణలో నుండెను. వీరు బయలుదేరిన నెలలోనే పారశీకమున రెజాఖాను ప్రధానమంత్రి యయ్యెను; 1925లో సింహాసన మెక్కెను. తిరుగుత్రోవలోని బర్మా 1937 వరకు హిందూదేశ పరిపాలనలోనిదే. 1947 తరువాత ఈ త్రోవ మొదటి యంకమే రెండు దేశముల పాలైనది. నేటి యువకుడెవ్వడైనను ఈ పటమును చేతబట్టి బయలుదేరినచో, ఇసుకకంటె ముందు ముద్రలును అనుమతిపత్రములును అడ్డము వచ్చును. గ్రంథకర్తలు తలపెట్టకయే వారి గ్రంథము నేడొక చరిత్రపత్రమైనది. ఇది దానికి కాలము పెట్టిన అలంకారము.

ఇక రచన గుణదోషములు. బాగ్దాదునుండి అలెప్పోకు గల ఎడారిని వీరు 23 దినములలో దాటిరి. దూరము 956 కిలోమీటర్లు, సుమారు 600 మైళ్లు. దినమునకు 26 మైళ్లు పడుచున్నది. మంచి బాటపై సైకిలువాడు ఈ దూరమును ఒక పూటలో త్రొక్కి మధ్యాహ్న భోజనమునకు ఇల్లు చేరును. ఇచట అది తెల్లవారినది మొదలు ప్రొద్దుగ్రుంకువరకు పట్టినదనిన, ఎక్కువ భాగము త్రొక్కుట కాదు, త్రోయుటయే. ఇసుకలో కూరుకొనిన సైకిలు వాహనము కాదు, బరువు. చిత్రమేమనగా, మొత్తము యాత్రకు పట్టిన 1616 దినములకు 44,000 మైళ్లను పంచి చూచినను దినమునకు 27 మైళ్లే వచ్చును. ఓడలలో గడచిన దినములు, నగరములలో ఆగిన దినములు అందులో చేరియున్నవి. విశ్రాంతి యెరుగని ఎడారి దినమును, విశ్రాంతితో కూడిన సామాన్య దినమును లెక్కలో సమానమైనవి. అంకెలు అబద్ధమాడవు, కాని అవి చెమటను చెప్పవు. చెమటను చెప్పుటకే రచయిత యవసరము. ఈ గ్రంథము చాలవరకు ఆ పని చేసినది. ఆడంబరము లేని వాక్యము, కష్టమును పెంచి చెప్పని స్వభావము దీని గొప్ప గుణములు.

సైకిలు యాత్రకు మరియొక ధర్మము కలదు. రైలులో పదిమంది మిత్రులు పోవచ్చును; ఒకడు నిద్రించిన మరియొకనికి నష్టము లేదు. సైకిళ్లపై నట్లు కాదు. గుంపు వేగము అందరిలో మెల్లగా త్రొక్కువాని వేగమే. ఒకని ట్యూబు పంక్చరైనచో ఆరుగురును ఎండలో నిలువవలెను. ఎదురుగాలిలో ముందుపోవువాడు గాలిని చీల్చగా వెనుకవానికి శ్రమ తగ్గును. ఆ ముందుచోటు వంతులవారీగా మారవలెను. ఎవడు తన వంతును మరచినాడు, ఎవడు అడుగకయే రెండు వంతులు త్రొక్కినాడు అనునదే ఇట్టి యాత్రలో మైత్రికి కొలత. ఈ కథ వినవలెనని పాఠకునికి ఆశ. ఇచటనే గ్రంథము మనలను నిరాశపరచుచున్నది.

కారణము గ్రంథపు కర్తృపదము. గ్రంథమంతయు మువ్వురును ఒక్క గొంతుతో ‘వియ్’ అని పలుకుదురు. దీనిని తెలుగు చేయబూనువాడు మొదటి పుటలోనే ఆగిపోవలెను. మన భాషయందు ‘మేము’ వేరు, ‘మనము’ వేరు. వినువానిని వెలుపల నుంచునది ‘మేము’; లోపలికి పిలుచునది ‘మనము’. ఎడారిలో నీటిసంచిని చూచుకొని మిత్రులు తమలో తాము ‘మన’ నీరు అందురు. ఊరి పెద్దతో ‘మా’ నీరు అయిపోయినదందురు. ఈ భేదము గ్రంథకర్తల మాతృభాషయగు గుజరాతీలోను కలదు: ‘అమే’ యని, ‘ఆపణే’ యని. మరాఠీలోను ‘ఆమ్హీ’, ‘ఆపణ్’ అని కలదు. త్రోవలో రాత్రులయందు వీరి నోట తప్పక పలికియుండిన ఆ రెండు మాటలును ఆంగ్లములోనికి వచ్చుసరికి ఒకటైపోయినవి. గ్రంథమునకు దేశదేశముల పాఠకులు లభించిరి. మిత్రుల నడుమ సంభాషణ మాత్రము త్రోవలో జారిపోయినది.

ఈ లోపము సామాన్యమైనది కాదు. బయలుదేరిన ఆరుగురిలో ఒకడు టెహరానువరకు వచ్చి స్వవిషయములవలన మరలిపోయెను. ఇరువురు అమెరికాలోనే నిలిచిపోయిరి. ఆరుగురి ‘మేము’ ఐదుగురిదై, తుదకు మువ్వురిదై మిగిలినది. మాట మారలేదు, మనుష్యులు తగ్గిరి. టెహరానులో వీడుకోలు చెప్పిన మరునాటి ఉదయము మిగిలినవారు సైకిళ్లెక్కునపుడు ఆ వెలితి చక్రములకు తెలిసియుండును. మరలిపోవుట ఓటమి కాదు; ఒక్కొక్కసారి కొనసాగుటకంటె మరలుటకే ధైర్యము ఎక్కువ కావలెను. అమెరికాలో నిలిచినవారి కథ మన కుటుంబములకు ఇంకను దగ్గరిది. చూచి వత్తునని పోయి అక్కడనే ఇల్లు కట్టుకొన్నవారు మన ప్రతి వంశములోను ఒకరుందురు. అట్టివారు త్రోవ తప్పినవారా, త్రోవ ముగించినవారా? ఈ మువ్వురు గ్రంథకర్తలకంటె ఆ ప్రశ్నను బాగుగా విచారింపగలవారు లేరు. తుది చేరినవాడే కథకుడగుట యాత్రాసాహిత్యమునకు సహజదోషము. ముఖపత్రముపై మూడు పేర్లను చూచినపుడెల్ల లేని మూడు పేర్లు జ్ఞప్తికి వచ్చుచునేయున్నవి.

సమకాలికులతో పోల్చిన ఈ విషయము మరింత స్పష్టమగును. 1924లో ఇదే బొంబాయినుండి ఫ్రామ్‌రోజ్ దావర్ ఒంటరిగా బయలుదేరెను. వియన్నాలో గుస్తావ్ అను ఆస్ట్రియావాసి ఆయనకు తోడయ్యెను. వీరిది తగ్గిన గుంపు, ఆయనది పెరిగిన గుంపు. 1933లో కేకీ ఖరాస్, రుస్తుం గాంధీ, రతన్ ష్రాఫ్ అను మరి మువ్వురు బయలుదేరి 1942లో తిరిగివచ్చిరి. వారి ఆఫ్గను ప్రయాణమే వేరుగా ఒక ఆంగ్లగ్రంథమైనది. 1926లో కలకత్తానుండి నలుగురు బయలుదేరగా, 1937లో లోకము చుట్టి వచ్చిన విమల్ ముఖర్జీ ఎంతో కాలమునకు తన కథను వంగభాషలో ‘దుచాకాయ్ దునియా’ అను పేర వ్రాసెను. ఆ భాషలో మన ‘మేము–మనము’ భేదము లేదు. అయినను ఆయన తన యింటివారు మాటలాడు భాషలో వ్రాసినాడు; బొంబాయి మువ్వురును లోకమునకు తెలియు భాషలో వ్రాసిరి. ఇందు ఒకటి తప్పు, ఒకటి ఒప్పు అనుట తగదు. ఎవరికి చెప్పుచున్నామను నిర్ణయమే ఏమి చెప్పుదుమో నిర్ణయించునని మాత్రము చెప్పవచ్చును.

ఈ మాటకు మన సాహిత్యములోనే గొప్ప నిదర్శనము కలదు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరిరి. ఆయన పల్లకిలో పోయిరి. వెంట సుమారు నూరుగురు పరివారము. సైకిలు యువకులతో పోలికయే లేదు. కాని ఆయన త్రోవలోని బసలను, బజారులను, దొరకు వస్తువులను, బాటల మంచిచెడ్డలను దినదినమును వ్రాసి తెలిపినది ఊరిలో మిగిలిన మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి. ఆ మిత్రుడే దానిని 1838లో అచ్చు వేయించెను. కాశీయాత్ర చరిత్రకు ఆయువుపట్టు ఇదియే: ఇంటివద్ద నున్న మిత్రుడును ఆ యాత్రలో నున్నాడు. తరువాతివారు అదే బాటను పోవుదురు, వారికి పనికిరావలెనను తలంపు ప్రతి పుటలోను కనిపించును. పరభాషల నడుమ ఉద్యోగము చేసి, పరభాషలను మాటలాడుటయే జీవనోపాధిగా గల ఆ మహాశయుడు తన కథను మాత్రము వాడుక తెలుగులో చెప్పుకొనెను. ప్రవాసులమగు మనకు ఆయన చూపిన త్రోవ కాశీత్రోవకంటె పొడవైనది.

ఇంత చెప్పినందున ఈ ఆంగ్లగ్రంథము తక్కువదని భావింపరాదు. గురుతుపట్టు చిహ్నము లేని బాటలలో, సైకిలును చూచి యెరుగని పల్లెలలో, 44,000 మైళ్లు త్రొక్కి వచ్చి ఆ కష్టమును గొప్పగా చెప్పుకొనని నిగ్రహము సామాన్యులకు రాదు. ప్రతి సంఘ గ్రంథాలయమునందును ఇది యుండవలెను. మన యువకులు చదువవలెను. చదివి, పరీక్షలు ముగిసిన సెలవులలో ఏ నేపాళమునకో, భూటానమునకో మిత్రులతో చక్రము త్రొక్కినచో అంతకంటె సంతోషము లేదు. అప్పుడు వారిని నేను కోరునది ఒక్కటే. దినచర్యను తెలుగులో వ్రాయుడు. మన భాష మిమ్ములను ప్రతి వాక్యమునందును నిలిపి, ఇందులో ఎవరెవరున్నారని అడుగును. ‘మేము’ అని వ్రాసినచోట మరలిపోయినవాని పేరును చేర్చుడు. ‘మనము’ అని వ్రాసినచోట ఇంటివద్ద ఎదురుచూచు తల్లిదండ్రులకు, ఊరు విడువలేని మిత్రునికి చోటుంచుడు.