పక్క పేజీలో ఉన్న కథ

కథకులు కాళీపట్నం రామారావు (కారా) మాస్టారిది లావేరు మండలం మురపాక. అంటే మన ఎచ్చెర్ల నియోజకవర్గమే. 1924 నవంబర్ 9న పుట్టారు. మద్రాసులో ‘భారతి’ మాసపత్రిక మొదలైంది కూడా ఆ ఏడాదే. ఆ భారతి సంచికలనూ, ఆ తర్వాత వచ్చిన పత్రికలనూ ఊరూరా వెతికించి, వాటిలోని కథలన్నిటికీ శ్రీకాకుళంలో ఓ ఇల్లు కట్టించిన మనిషి ఆయనే. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ డబ్బుకి మిత్రుల సాయం కలుపుకుని 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. ఎచ్చెర్ల జంక్షన్లో బస్సో ఆటోనో ఎక్కితే ఎంతోసేపు పట్టదు.

అక్కడికి వెళ్లినప్పుడల్లా నాకు గొప్పగా తోచేది ఒకటుంది. మాస్టారు మంచి కథలను మాత్రమే ఏరి దాచలేదు. అచ్చయిన కథ ఏదైనా సరే, దానికి అక్కడ చోటుంది. రచయిత పేరు, కథ పేరు, పత్రిక, తేదీ. విశాఖపట్నంలో పిల్లలకు లెక్కలు చెప్పిన మాస్టారు కదా, ఏ కథనూ లెక్క తప్పిపోనివ్వకూడదనుకున్నారు. ఇది ‘యజ్ఞం’ కథ రాయడానికి ఏమాత్రం తీసిపోని పని అని నా నమ్మకం. ఎందుకంటే ఒక తరం చదివి పక్కన పెట్టేసిన కథ ఇంకో తరానికి అవసరం పడొచ్చు. తెలుగులో తొలి ఆధునిక కథ 1910 నాటి గురజాడ ‘దిద్దుబాటు’ అని చాలాకాలం చెప్పుకున్నాం. తర్వాత పాత పత్రికలు తిరగేసినవాళ్లు 1902లోనే భండారు అచ్చమాంబ రాసిన ‘ధనత్రయోదశి’ని మన ముందు పెట్టారు. ఆ కాగితాలు ఎవరూ దాచకపోయుంటే ఆ తల్లి పేరు ఈ చర్చలోకే వచ్చేది కాదు.

పాత సంచికల్లో కథ చదివే తీరు వేరు. మనం వెతుక్కుంటూ వెళ్లిన కథ ఒకటుంటుంది. దాని పక్క పేజీలో పేరు కూడా వినని రచయిత కథ ఇంకోటి ఉంటుంది. దాన్ని వదలకుండా చదవాలి. ప్రకటనలు కూడా చదవాలి. భారతిని, ఆంధ్రపత్రికను పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులే అమృతాంజనం తయారుచేయించారు. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బు సాహిత్యానికి ఎలా ఎరువైందో ఆ పేజీలు చూస్తే తెలిసిపోతుంది. సంపుటిలోకి ఎక్కిన కథకు ఈ ఇరుగుపొరుగు ఉండదు. ఫోన్లో అయితే మనం అడిగిందే కనిపిస్తుంది. అడగనిది ఎదురుపడేది గ్రంథాలయంలోనే.

మన ప్రాంతం కథల్ని నేను చెవితో చదువుతాను. పక్కవాళ్లకు ఇబ్బంది లేకుండా, పెదాలు కదుపుతూ. కారా మాస్టారి పల్లెరైతులు, రావిశాస్త్రి గారి విశాఖ కోర్టుల దగ్గరి బీదాబిక్కీ, చాసో గారి విజయనగరం మనుషులు మాట్లాడుతుంటే మా వీధి అరుగుల మీద విన్న గొంతులే వినిపిస్తాయి. మన యాసకు ఇంత గౌరవముందా అని ఛాతీ పొంగుతుంది. సదువుకున్నోళ్ల ముందు నోరిప్పడానికి బెరుకుపడే మన పిల్లలు ఈ కథలు ఒక్కసారి చదివితే చాలు, ఆ బెరుకు సగం తీరుతుంది.

ఎచ్చెర్లలో 2008 నుంచి అంబేద్కర్ విశ్వవిద్యాలయం ఉంది. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఇంట్లో డిగ్రీదాకా వచ్చిన మొదటివాళ్లు చాలామంది అక్కడికొచ్చి చదువుతున్నారు. గ్రంథాలయాల్లో బల్లల నిండా గ్రూప్స్ పుస్తకాలు, కానిస్టేబుల్ గైడ్లు కనిపిస్తే నేనెప్పుడూ తప్పుపట్టను. వలస తప్పని జిల్లాలో ఉద్యోగం అంటే ఇల్లు నిలబడటం. కానీ ఆ గైడ్లు మూసిన తర్వాత ఒక్క కథ. రోజుకొక్కటి చాలు. ఎదుటి మనిషి కష్టం ఎక్కడ మొదలైందో ఏ గైడూ చెప్పదు. అప్పు ఒక కుటుంబాన్ని తరాల పాటు ఎలా కట్టిపడేస్తుందో ‘యజ్ఞం’ చెప్తుంది. రేపు తహశీల్దారు కుర్చీలో కూర్చోబోయే కుర్రాడికి ఆ కథ సిలబస్‌లో లేకపోయినా తెలిసి తీరాలి.

మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను ఉంది. కట్టేది మనమే కాబట్టి గ్రంథాలయంలో కూర్చునే హక్కూ మనదే, పుస్తకాలు కొత్తవి తెప్పించమని, సాయంత్రాలు తెరిచి ఉంచమని అడిగే హక్కూ మనదే. అడగాలి.

మాస్టారు 2021 జూన్ 4న వెళ్లిపోయారు. ఆయన మొదలుపెట్టిన పనిలో చెయ్యి వెయ్యడం మన వంతు. మీ ఇంట్లో అటక మీద తాతగారి కాలం నాటి పత్రికలుంటే, పాత పేపర్లవాడి తూకానికి వెయ్యకముందు కథానిలయానికి ఓ మాట చెప్పండి.