రెజ్యూమేలో క్రియాపదం

రెజ్యూమే అనే ఫ్రెంచి మాటకు సారాంశమనీ, కరికులమ్ వీటే అనే లాటిన్ మాటకు జీవన గమనమనీ అర్థం కాగా, తెలుగునాట చిరకాలం నలిగిన మాట బయోడేటా. పెళ్ళి సంబంధాల కోసం చేతులు మారే కాగితానికీ అదే పేరు కావడం వల్లనో ఏమో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి పంపే రెజ్యూమేలో సైతం తండ్రి పేరు, పుట్టిన తేదీ, పెళ్ళయిందా లేదా అన్న వివరం ఇప్పటికీ కనిపిస్తుంటాయి. వాటిని తీసివేయడం తేలిక; అసలు చిక్కు 'రోల్స్ అండ్ రెస్పాన్సిబిలిటీస్' అనే శీర్షిక కింద ఉంటుంది.

అమీర్‌పేట శిక్షణ కేంద్రాల చుట్టూ ఒకరి నుంచి ఒకరికి చేరే నమూనాల్లో ఆ శీర్షిక కింది పంక్తులు 'ఇన్వాల్వ్‌డ్ ఇన్', 'రెస్పాన్సిబుల్ ఫర్' అని మొదలై, కుర్చీని వర్ణిస్తాయే తప్ప అందులో కూర్చున్న మనిషి ఏం చేసిందీ చెప్పవు. ఇందుకు మన భాషా ఒక కారణమే: 'పని జరిగింది' అంటే తెలుగులో వాక్యం నిలుస్తుంది, ఎవరు చేశారో వినేవారు ఊహించుకుంటారు. పైగా తన గొప్ప తాను చెప్పుకోకూడదన్న పెంపకం ఒకటి. ఆంగ్ల రెజ్యూమేలోనూ 'నేను' అని రాయకపోవడమే ఆచారం కనుక, పంక్తి మొదట నిలిచే క్రియాపదమే ఆ మనిషి బరువంతా మోయవలసి ఉంటుంది.

'డేటాబేస్ పనితీరు మెరుగుపరచడంలో పాలుపంచుకోవడం జరిగింది' అనే పంక్తినే తీసుకుంటే, ఏది నెమ్మదిగా ఉండేదో, ఎందుకుండేదో అందులో లేదు. దానికి బదులు 'నెలాఖరు బిల్లుల నివేదికకు 40 సెకన్లు పడుతుండగా, కస్టమర్ నంబరు, తేదీలపై ఉమ్మడి ఇండెక్స్ నిర్మించి 2 సెకన్లకు తగ్గించాను' అని రాస్తే పని కళ్ళకు కడుతుంది. ఇండెక్స్ అంటే పుస్తకం చివరి పదసూచి వంటిది. అది ఉంటే డేటాబేస్ పట్టికనంతా మొదటి నుంచీ తిరగేయనక్కరలేదు. ఆ రెండింటిలో కస్టమర్ నంబరునే ముందెందుకు ఉంచారు, కొత్త బిల్లుల నమోదు అందువల్ల నెమ్మదించలేదా అని ఇంటర్వ్యూలో అడిగితే, చేసినవారు పది నిమిషాలు మాట్లాడగలరు. గూగుల్ మానవ వనరుల విభాగానికి సారథ్యం వహించిన లాస్లో బాక్ ప్రచారంలోకి తెచ్చిన సూత్రం కూడా ఏం సాధించారు, ఎంత, ఎలా అనే ఈ మూడింటినే అడుగుతుంది. అయితే ఆ సూత్రాన్ని నేర్చినవారు 'ఎంత' దగ్గరే ఆగి, దేనితో పోల్చారో చెప్పని '30 శాతం మెరుగు'లను పంక్తికొకటి చొప్పున అతికించడం కొత్త జాడ్యం. నలుగురు కలిసి చేసిన చివరి ఏడాది ప్రాజెక్టులో లాగిన్ భాగం మాత్రమే తనదని రాసే విద్యార్థి వీరికంటే నమ్మదగినవాడు.

దరఖాస్తులను ముందుగా చదివి వివరాలను గడుల్లోకి విడదీసే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు. రెండు నిలువు వరుసల అలంకారాలు, బొమ్మగా మారిన అక్షరాలు దానిని తికమక పెట్టగలవు గనుక ఒకే వరుసలో సాదాగా రాయడం మేలు. తెలుగువారికి పేరుతోనూ ఒక పేచీ ఉంది. ఇంటిపేరు ఒక ధ్రువపత్రంలో పూర్తిగా, మరొక దానిలో పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో విడి గడిలో ఉండగా, రెజ్యూమేలో దానినే ముందు రాస్తే, ఇంటిపేరు పెట్టి పలకరించే ఈమెయిల్ వచ్చినా ఆశ్చర్యం లేదు.

చేయని ఉద్యోగాన్ని చేసినట్టు రాయించే వ్యాపారానికి 2014లో భవిష్యనిధి సంస్థ తెచ్చిన యూఏఎన్ కొంత అడ్డు తగిలింది. ఉద్యోగి సంస్థలు మారినా మారని ఈ 12 అంకెల సంఖ్య కింద చేరిన తేదీ, మానిన తేదీ నమోదై ఉంటాయి. అయినా 'పై వివరాలన్నీ నిజమని ప్రకటిస్తున్నాను' అనే పేరా, దాని కింద 'స్థలం: హైదరాబాద్', ఆపై ఎవరూ నింపని 'తేదీ:' ఇంకా పేజీ అడుగున చోటు చేసుకుంటూనే ఉన్నాయి. ఇండెక్స్ కట్టిన సంగతికి మరో రెండు పంక్తులు ఆ చోటులో పట్టేవి.